పద్దు తేలని పదకొండు డాలర్లు

శుక్రవారం రాత్రి, గుడి నేలమాళిగలో
కుర్చీలన్నీ తలకిందులై బల్లలెక్కాక
డబ్బుల డబ్బా బోర్లిస్తాను.

తపస్సుకాలం, నాలుగో వారం.
బయట కేప్ బ్రెటన్ గాలి
సముద్రాన్ని ఉప్పుతో సహా మోసుకొచ్చి
కిటికీలకేసి కొడుతోంది.
లోపల చేపలు వేగిన నూనె వాసన:
నా కోటుకి, నా మీసానికి, లెక్కల పుస్తకానికి కూడా.
ఈస్టర్ దాకా వదలదు.

పేరు రానల్డ్ మెక్కిలాప్. మా సోదర సంఘానికి కోశాధికారిని.
గని మూతపడ్డ ఏడు ఎన్నుకున్నారు,
దిగిపోతానన్నా దిగనివ్వరు.
ఎడమచేతికి వేళ్ళు రెండే.
మిగతా మూడూ బొగ్గు తొట్టెల మధ్య ఉండిపోయాయి.
కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని
ఫాదర్ ప్రసంగించినప్పుడల్లా
మావాళ్ళు నావైపు తిరిగి ముసిముసిగా నవ్వుతారు,
సగం చేతికి సగమే తెలుస్తుందిలే అని.

నోట్లు ఒక కుప్ప, చిల్లర ఒక కుప్ప.
అమ్మింది రెండు వందల పద్నాలుగు పళ్ళేలు.
పళ్ళెం పదకొండు డాలర్లు.
వచ్చింది మాత్రం రెండు వందల పదిహేను పళ్ళేల సొమ్ము.

మొదటి వారం కళ్ళజోడుని అనుమానించాను.
రెండో వారం టికెట్లు చింపే కుర్రాణ్ణి.
మూడో వారమూ అదే పదకొండు మిగిలితే
నన్ను నేనే.
తక్కువైతే దొంగని పట్టుకోవచ్చు.
ఎక్కువైతే ఎవర్ని పట్టుకోను?

మేమేం పుణ్యపురుషులం కాం.
ఇరవై ఆరుగురం,
సరిగ్గా వంగే మోకాళ్ళు అందరివీ కలిపి ఇరవై రెండు.
పండగనాడూ పెట్టె మోసేనాడూ
ఈకల టోపీలు బయటికి తీస్తాం.
నా ఈకని చిమ్మటలు తినేశాయి.
మీటింగులో పరలోక జపం ముగిసీ ముగియకముందే
ఉల్లిపాయలు ఎక్కడ కొనాలన్న గొడవ మొదలు.
అలెక్సాండ్రీనా ముసలమ్మ గుమ్మానికి
చక్రాల కుర్చీ దిగే వాలుబల్ల కడుతూ
ఇద్దరు అంగుళం దగ్గర తిట్టుకున్నారు,
ఆరు వారాలు మాటల్లేవు.
బల్ల నిలబడింది.
ఆమె దాని మీదుగా దిగొచ్చి
ఇద్దరికీ ఒకే గిన్నెలో సూప్ తెచ్చింది, కావాలనే.

ఫ్లోరా పోయాక
జపమాల పూసలు నా వేళ్ళకి ఆనడం మానేశాయి.
మంగళవార్త జపం సగంలో తెగిపోతుంది,
మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే.
లెక్క తెగదు.
అందుకే దేవుడింటికి నేను
అంకెల మెట్లెక్కి పెరటిదారిన వెళ్తాను.
తలుపు తీస్తాడో లేదో తెలీదు.
లైటు వెలుగుతూ ఉంటుంది, అంతే.

అయిదో శుక్రవారం
పద్దు తేలింది.
ఒక్క సెంటు తేడా లేదు.
సంతోషించాల్సింది పోయి
కడుపులో ఏదో జారింది.
తలెత్తి చూశాను, ఇవాళ ఎవరు రాలేదు?

తొట్టి దగ్గర చప్పుడు లేదు.
మూకుళ్ళు తోమే ఎలీజే బూద్రో
ఊపిరితిత్తుల్లో నీరుచేరి ఆస్పత్రిలో ఉన్నాడు.
పని చేసేవాళ్ళకి భోజనం ఉచితం.
అతను ఎప్పుడూ నిలబడే తినేవాడు,
మూకుడు అడుగున మిగిలిన తునకలు.
డబ్బు తన పళ్ళేనికో,
పీతల పడవతో తిరిగిరాని కొడుకు పళ్ళేనికో.

చూడ్డానికి వెళ్ళాను. అడగలేదు.
ముక్కులో గొట్టంతో
అతనే అడిగాడు:
"నూనె తూములో పోయలేదు కదా?"
లేదన్నాను.
"పోస్తే గడ్డకడుతుంది" అని కళ్ళు మూసుకున్నాడు.
చాలాసేపు కూర్చున్నాను.
మంగళవార్త జపం ఆ రోజు
తెగే చోటు దాటి రెండు మాటలు నడిచింది.

ఆరో శుక్రవారం
నా జేబులోంచి పది నోటు, ఒక నాణెం
డబ్బాలో వేసి, మళ్ళీ బోర్లించి, మళ్ళీ ఎంచాను.
"అధికం: పదకొండు డాలర్లు. ఇచ్చినవారు తెలియదు."
ముప్పై ఏళ్ళలో
నా మొదటి దొంగలెక్క.

రాస్తున్నంతసేపూ
ఎడమచేతిని కోటు జేబులో పెట్టుకున్నాను.